ముడి ఆరేదాకా

సాయంత్రం దీపాలు వేసే వేళకు పెరట్లో నీలం డ్రమ్ము నింపడం నా పని. కుళాయి నీళ్ళు బకెట్టుతో తెచ్చి పోసి, మర్నాటికి కావలసిన పీచు తాళ్ళను చుట్టలు చుట్టలుగా అందులో ముంచేదాన్ని. పైకి తేలకుండా ఒక బండరాయి పెట్టేదాన్ని. తెల్లారగానే మా ఆయన వాటిని తీసి, నీళ్ళు విదిలించి, భుజాన వేసుకుని పనికి వెళ్ళేవాడు. ఎండాకాలమైనా వానాకాలమైనా ఆయన చొక్కాకు ఎడమ భుజం మీద తడి ఉండేది. ఇప్పుడా డ్రమ్ము బోర్లించి ఉంది. పక్కింటి పిల్లి దాని మీద పడుకుంటోంది. ఆ వేళయ్యేసరికి నా చేతులు వాటంతట అవే బట్టకు తుడుచుకుంటాయి, తడి లేకపోయినా.

మా ఆయన మేడలకు పరంజా కట్టేవాడు. గోడకు సిమెంటు పూయాలన్నా, రంగు వేయాలన్నా మనుషులు పైన నిలబడడానికి వెదుళ్ళతో ఒక కట్టడం కావాలి కదా, అది. పని అయిపోగానే దాన్ని విప్పేస్తారు. అందుకే ఆయన బతుకంతా కట్టినవాటిలో ఇవాళ ఊళ్ళో చూపించడానికి ఒక్కటీ లేదు. "మేస్త్రి కట్టింది మనవలు చూస్తారు, నేను కట్టింది రంగు ఆరేదాకా ఉంటుంది" అని తనే నవ్వేవాడు. పనివాళ్ళందరూ ఆయన్ని తాళ్ళాయన అనేవాళ్ళు. అసలు పేరు మందుల చీటీ మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయి తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన మనిషి. ఎవరైనా ఎగతాళిగా తాడూ బొంగరం లేనివాడంటే, "తాడుందయ్యా, బొంగరమే లేదు" అనేవాడు.

ఆయన పని గురించి నాకు తెలిసింది తక్కువ. ఏ కట్టడం దగ్గరికీ నేను వెళ్ళి చూసింది లేదు. నాకు తెలిసిందల్లా తాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన చెప్పిందీ ఇదే. తాడు రాత్రంతా నానాలి, పగలు నానకూడదు. తడిసిన తాడు మెత్తబడి చెప్పిన మాట వింటుంది. తడి మీద వేసిన ముడి ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. పొడి తాడుతో వేసిన ముడి వేసినప్పుడు ఎంత గట్టిదో అంతే, మర్నాటికి అంతకూడా ఉండదు. ముడి ఆరేదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఆరాక ఏనుగెక్కినా ఫరవాలేదు.

ఇంకొకటి. తాడుకు కత్తి చూపించకూడదు. ఆరిన ముడిని విప్పాలంటే మళ్ళీ నీళ్ళు పోసి తడిపి, కర్ర మేకు గుచ్చి నెమ్మదిగా కదుపుతూ రావాలి. దానికి ఓర్పు కావాలి. కోసిన తాడు ఇక తాడు కాదు, ముక్క అనేవాడు. మా మరిది అన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. కుర్రతనంలో ఒకసారి ముడి రాక కత్తి పెట్టి కోశాడట. ఆ రోజు మా ఆయన తిట్టలేదు, కొట్టలేదు. వారం పాటు తమ్ముడితో మాట్లాడలేదు. అదే ఎక్కువ శిక్ష. తరవాత ఎన్నేళ్ళయినా మా మరిది కత్తి చేతిలోకి తీసుకుంటే ముందు అన్న ఎక్కడున్నాడో చూసుకునేవాడు. అది మా ఇంట్లో పెద్ద నవ్వులాట. కూరగాయలు తరుగుతున్నప్పుడు కూడా మా అమ్మాయి "బాబాయ్, నాన్న వస్తున్నాడు" అనేది.

పని ముగిశాక తాళ్ళు ఇంటికి వచ్చేవి. విప్పకుండా మిగిలిన చిన్న ముళ్ళు విప్పడం, సిమెంటు రాలగొట్టడం, కడిగి నీడన ఆరబెట్టడం నా వంతు. "కట్టడం నాకొచ్చు, విప్పడం నీకొచ్చు. మనిద్దరం కలిస్తేనే ఒక పనివాడు" అనేవాడు. ఒక పోగు తెగిన తాడైనా మళ్ళీ పరంజాకు పనికిరాదని పక్కన పెట్టేవాడు. అలాంటివే మా ఇంట్లో బట్టలారేసే తాడు, మంచానికి కట్టిన తాడు, మా అమ్మాయి చిన్నప్పటి ఊయల తాడు. మనుషుల బరువు మోసి అలసిపోయాయి, ఇప్పుడు బట్టల బరువు మొయ్యనీ అనేవాడు. ఆయన చేసేవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పనికిరాని వాటిని పారేసేవాడు కాదు.

ఆయన పోయింది ఒక గోదాము గోడ దగ్గర. బయటి గోడకు సిమెంటు పూత జరుగుతోంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక పైన పలకలు సర్దడానికి ఎక్కాడు. ఎక్కిన కాసేపటికి పరంజా ఒక పక్కకు ఒరిగింది. మిగిలినవాళ్ళు కింద ఉన్నారు కాబట్టి బతికారు. నన్ను తీసుకువెళ్ళేసరికి ఆయన మీద ఎవరో సిమెంటు సంచి గుడ్డ కప్పారు. చెప్పులు మాత్రం విడిగా, నిచ్చెన దగ్గర జతగా పెట్టి ఉన్నాయి. ఎక్కేముందు ఎప్పుడూ అలాగే విడిచేవాడు. నేను చెప్పులే తెచ్చుకున్నాను.

కాంట్రాక్టరు మా గుమ్మంలో తల వంచుకు నిలబడ్డాడు. మంచి పనివాడు పోయాడన్నాడు. నెల తిరిగేసరికి అదే మనిషి దగ్గర్నుంచి, పరిహారం కోసం మేం పెట్టుకున్న అర్జీకి జవాబుగా కార్మికుల అధికారి ద్వారా, చేంతాడంత కాగితం వచ్చింది. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు కానీ అలాంటి కాగితం నా వల్ల కాదు. కుట్టుపని నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడి చదివింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. ఏమిటే అంటే చెప్పదు. మళ్ళీ మళ్ళీ అడిగితే ఆ ముక్క చదివింది. మృతుడి భార్య ప్రతి రోజూ తాళ్ళను రాత్రంతా నీళ్ళలో ఉంచి బలహీనపరచినందువల్లనే పరంజా కూలింది, అందులో తమ బాధ్యత ఏమీ లేదు. ఇదీ దాని సారాంశం.

మృతుడి భార్య అంటే నేనే.

ఆ తరవాత కొన్నాళ్ళు నేను నీళ్ళలో చెయ్యి పెడితే ఒళ్ళు జలదరించేది. గిన్నెలు కడుగుతున్నా అదే ఆలోచన. పాతికేళ్ళు ఆయన చెప్పింది నమ్మాను. చదువుకున్నవాళ్ళు కాగితం మీద రాశారంటే అందులో ఏదో ఉండకపోతుందా? పీచు నీళ్ళలో కుళ్ళుతుందని నాకు మాత్రం తెలియదా? ఆ తాళ్ళు నానేసినప్పుడు డ్రమ్ములో నీళ్ళు మార్చానా, పాత నీళ్ళేనా? బండరాయి పెట్టానా? ఆయన్ని పోగొట్టుకున్న బాధ ఒక ఎత్తు, నా చేతులతో నేనే పోగొట్టుకున్నానేమోనన్నది ఇంకో ఎత్తు. ఎవరితో చెప్పుకుంటాను? నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చునేదాన్ని.

మా తరఫున మాట్లాడడానికి ఒక లాయరమ్మ దొరికింది. మెట్ల కింద చిన్న గది ఆమెది. గోడ పొడుగునా ఫైళ్ళు, ఒక్కోదానికి తెల్ల నాడా. నా చూపు ముందు ఆ నాడాల మీదికే వెళ్ళింది. అన్నీ జారుముళ్ళు, ఒక కొస లాగితే ఊడొచ్చేవి. ఆమె చాలా సేపు చదివి, కళ్ళజోడు తీసి, మీకేమైనా అడగాలని ఉందా అంది. నేను ఒక్కటే అడిగాను. బలహీనపరచడం అంటే చట్టంలో ఏమిటమ్మా అని.

ఆమె తేలిగ్గా తీసుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పింది. పక్కవాడు మీ గోడ పక్కనే లోతుగా తవ్వాడనుకోండి. మీ గోడను ముట్టుకోలేదు. అయినా గోడ నిలబడ్డ నేలను తీసేశాడు కాబట్టి దాన్ని బలహీనపరిచాడంటారు. తాగి లారీ నడిపినవాడి చూపునూ చేతినీ తాగుడు బలహీనపరిచిందంటారు. ఒక ఒప్పందంలో ముఖ్యమైన మాట ఒకటి తీసేస్తే మిగతాదంతా అలాగే ఉన్నా ఒప్పందం బలహీనపడినట్టే. దారి హక్కు ఉన్నవాడికి దారి పూర్తిగా మూయకుండా, బండి పట్టనంత ఇరుకు చేసినా అంతే. సాక్షి చూసింది సగం చెప్పి సగం మింగితే కేసును బలహీనపరిచినట్టు.

"అన్నిట్లోనూ ఒకటే అమ్మా" అంది. "వస్తువు పోదు. చూడ్డానికి ఎప్పట్లాగే ఉంటుంది. కానీ దేనికోసం ఉందో ఆ పనికి నిలబడదు."

నేను మా ఇల్లు గుర్తుచేసుకున్నాను. మంచం ఉంది, డ్రమ్ము ఉంది, నేనూ ఉన్నాను.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఒకదాన్ని ఫలానావాళ్ళు బలహీనపరిచారని అనాలంటే చట్టం రెండు ప్రశ్నలు అడుగుతుందట. అంతకుముందు అది గట్టిగా ఉందా? దాన్ని తగ్గించిన చెయ్యి ఎవరిది? మొదట్నుంచీ బలం లేనిదాన్ని ఎవరూ బలహీనపరచలేరు. కాంట్రాక్టరు చెప్పేదేమిటంటే ఆ పరంజా మొదట్నుంచీ గట్టిది కాదు, దానికి కారణం మీ ఇంటి డ్రమ్ము అని. గోదాము దగ్గర ఇంకేదో జరిగిందని ఆమెకు అనుమానం ఉంది. అధికారి మనిషి వచ్చి చూసినప్పుడు కొన్ని తాళ్ళూ ఒక ముడీ తీసుకెళ్ళి గోతంలో మూట కట్టి ఉంచాడట, వాటిలో ఒక తాడు కొస కత్తితో కోసినట్టుందట. కానీ చూసినవాళ్ళు ఎవరూ నోరు విప్పడం లేదు. మీరు మాత్రం తెలిసింది తెలిసినట్టు చెప్పండి చాలు అంది. కోసిన కొస మాట నేను సరిగ్గా వినలేదు. నా మనసంతా డ్రమ్ములోనే ఉంది.

విచారణకు ముందు మా మరిది ఇంటికి వచ్చాడు. అన్న పోయిన దగ్గర్నుంచి అతను మా ఇంట్లో కూర్చుని తిన్నది లేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఏం కావాలో కనుక్కుని వెళ్ళిపోయేవాడు. బాధలో ఉన్నాడులే అనుకున్నాను. ఆ రోజు లోపలికి వచ్చి, మంచం మీద కాకుండా నేల మీద కూర్చున్నాడు. అన్నం పెడతానంటే వద్దన్నాడు. చాలా సేపు మంచం తాడు పోగుల్ని గోటితో గీరుతూ, చివరికి అన్నాడు.

"వదినా, ఆ పరంజా తాళ్ళు నానబెట్టలేదని చెప్పెయ్యి."

"అదేం మాటయ్యా?"

"ఎవరు చూశారు? నానబెట్టలేదంటే వాళ్ళ కాగితం అక్కడికి తేలిపోతుంది. నీ మీద ఏమీ ఉండదు."

ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. నిజమే, ఒక్క మాట. డ్రమ్ము నోరు విప్పి చెబుతుందా? కానీ ఆ మాట నా నోట్లో ఎలా ఉంటుందో చూద్దామని లోపల్లోపల అనుకుని చూశాను. నానబెట్టలేదు. అలా అంటే నానబెట్టడం తప్పని నేనూ ఒప్పుకున్నట్టే. ఆయన బతికినంత కాలం చేసిన పద్ధతి తప్పని, ఆయన పెళ్ళాం నోటితోనే. అప్పుడు ఆయన కట్టిందేదీ గట్టిది కాదు. రంగు ఆరేదాకా కూడా ఉండేది కాదు.

"నానబెట్టాను చిన్నోడా. మీ అన్న తీసుకెళ్ళాడు. అదే చెబుతాను" అన్నాను. ఆయన పిలిచినట్టే చిన్నోడా అని పిలిచాను. అతని మొహం పక్కకు తిరిగింది. అన్న మీద బెంగ అనుకున్నాను. నా తెలివి అంతే.

విచారణ గది బడి గదిలా ఉంది. పొడుగు బల్ల, గోడకు ఆగిపోయిన గడియారం, మూలన మంచినీళ్ళ కూజా. అధికారి పెద్దాయన, ఎవరి వైపూ చూడకుండా రాసుకుంటున్నాడు. కాంట్రాక్టరు లాయరు నేను భయపడినట్టు అరిచే మనిషి కాదు. మాటమాటకూ దగ్గుతూ, మధ్యలో క్షమించండమ్మా అంటూ నెమ్మదిగా అడిగాడు. ఆ పరంజా తాళ్ళు నానబెట్టింది మీరేనా అన్నాడు. నేనే అన్నాను. నీళ్ళలో ఉంటే పీచు కుళ్ళుతుందని తెలియదా అన్నాడు. తెలుసండీ, వారం ఉంచితే కుళ్ళుతుంది, రాత్రి ఉంచితే మెత్తబడుతుంది అన్నాను. అది ఎవరు చెప్పారు అన్నాడు. మా ఆయన చెప్పాడన్నాను.

"ఆయన చెబితే నమ్మేశారా?"

"ఆ తాడు మీద నిలబడేది ఆయనే కదండీ."

ఆయన దగ్గి, కాగితాలు మూసి, ఇక చాలమ్మా అన్నాడు. నా చోటికి వెళ్ళి కూర్చోబోతుంటే వెనక వరసలో చప్పుడైంది. మా మరిది లేచి నిలబడ్డాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. కాంట్రాక్టరు తల తిప్పి చూశాడు, కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేశాడు. అతను కూర్చోలేదు.

"అన్న కట్టింది ఊడలేదండీ. మేమే కోశాం."

ఆ తరవాత అధికారి అడగడం, అతను చెప్పడం. జరిగిందిదీ. పరంజా అటూ ఇటూ ఊగకుండా ఏటవాలుగా ఒక పెద్ద వెదురు కడతారు. దాని బలం మీదే మిగతాదంతా నిలబడుతుంది. ఆ ఉదయం సిమెంటు లారీ లోపలికి రావడానికి అది అడ్డం వచ్చింది. తీసెయ్యమని కాంట్రాక్టరు చెప్పాడు. మా ఆయన గోదాము వెనక వైపున ఉన్నాడు. మరిది విప్పబోతే ముడి రాలేదు. వారం నాటి ముడి, రాయిలా బిగుసుకుంది. తడిపి విప్పుతానన్నాడు. లారీ ఆగదు, కొయ్యమన్నాడు కాంట్రాక్టరు. కోశాడు. లారీ వెళ్ళాక వెదురు మళ్ళీ పెట్టాడు కానీ తడి తాళ్ళు వెనక వైపు అన్న దగ్గర ఉన్నాయి. వాటిని అడిగితే ఎందుకని అడుగుతాడు. తాడు కోశానని చెప్పాల్సి వస్తుంది. అందుకని దొరికిన పొడి తాడుతో అప్పటికి కట్టేశాడు. అప్పటిదాకా ఆగుతుందిలే, అన్న సాయంత్రం ఇంటికి వెళ్ళాక తడి తాడు తెచ్చి సరిగ్గా కట్టేద్దాం అనుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అధికారి. మొదటిసారి తల ఎత్తి చూశాడు.

"మాట్లాడ్డం మానేస్తాడని" అన్నాడు మా మరిది.

గదిలో ఎవరికీ అది అర్థమై ఉండదు. నాకూ మా అమ్మాయికీ అర్థమైంది. అది నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలాగ.

తరవాత అధికారి రాసిన దాన్ని లాయరమ్మ మాకు చదివి వినిపించింది. తాళ్ళను నానబెట్టడం వల్ల పరంజా బలహీనపడలేదు. కొయ్యవలసి వచ్చినంత గట్టిగా ముడి ఉండడమే దానికి సాక్ష్యం. గట్టిగా ఉన్న కట్టడాన్ని, దాన్ని నిలబెడుతున్న కర్ర తీయించి, ఆ సంగతి పైకి ఎక్కేవాడికి తెలియజేయకుండా వాడనిచ్చి, కాంట్రాక్టరు బలహీనపరిచాడు. పనివాడు యజమాని చెప్పినట్టు చేశాడు కనక బాధ్యత యజమానిది. ఇవీ ఆ మాటలు. లాయరమ్మ మళ్ళీ చదవమంటారా అంది. మళ్ళీ చదివించుకున్నాను. నా డ్రమ్ము మీద మచ్చ పోయిందని నాకు సంతోషం కలగాలి. ఏదో దించుకున్నట్టైతే అయింది. కానీ తెరిపి వచ్చిన చోట వెంటనే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఒక్క మాట, అన్నా కోశాను అన్న ఒక్క మాట, దానికి వారం మౌనం. వారం తరవాత ఆయన మాట్లాడేవాడు. ఎప్పుడైనా మాట్లాడేవాడు.

మా మరిది విషయంలో చట్టం బాధ్యత యజమానిది అంది. ఇంట్లో అంత సులువు కాదు. అతన్ని మన్నించానా అంటే నాకు తెలియదు. కోపం ఉందా అంటే కోపంగా ఉన్న రోజులు ఉన్నాయి. కానీ ఆ గదిలో లేచి నిలబడకపోతే అతని కూడు అతనికి దక్కేది. ఇప్పుడు ఆ కాంట్రాక్టరు దగ్గరే కాదు, ఇంకెవరి దగ్గరా అతనికి పని దొరకడం కష్టంగా ఉంది. అదీ తెలుసు నాకు. రెండూ తూచే తక్కెడ నా దగ్గర లేదు.

మొన్న ఆ గోతం తిరిగి ఇచ్చేశారు. కేసు ముగిసింది కాబట్టి మీ వస్తువులు మీరు తీసుకెళ్ళండి అన్నారట. మా మరిదే మోసుకొచ్చాడు. పెరట్లో గోతం విప్పి, తాళ్ళు బయటపోశాం. ఇన్నాళ్ళు మూటలో ఉండి ముక్కిన వాసన వేస్తున్నాయి. ఇంటికి వచ్చిన తాళ్ళు చీకటి పడేలోపు విప్పి కడిగి ఆరెయ్యాలి, ముడితో ఉంచితే ముడి దగ్గరే పోగు చివికిపోతుంది. అది మా ఇంటి లెక్క. పిల్లిని లేపి డ్రమ్ము తిరగేశాను. మా అమ్మాయి నీళ్ళు తెచ్చింది. అతను తడుపుతుంటే నేను మేకుతో కదిపాను. కోసిన తాడు ముక్క వచ్చినప్పుడు అతను దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు ఆగాడు. నేనే తీసుకుని మిగతా తాళ్ళతోపాటు కడిగాను. పనికిరానివి పారేసే ఇల్లు కాదు మాది, దేనికో ఒకదానికి పనికొస్తుంది.

గోతం అడుగున చివరిది మిగిలింది. అధికారి మనిషి పరంజా నుంచి రంపంతో కోయించి తెచ్చిన ముక్క. ఒకదాని మీద ఒకటి అడ్డంగా జానెడు జానెడు వెదుళ్ళు, వాటిని పట్టుకుని మా ఆయన వేసిన ముడి. పడిపోయినవాటిలో ఊడకుండా ఉన్నది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి పళ్ళ వరసలా ఉన్నాయి. వెదుళ్ళను రెండు చేతులా పట్టుకుని తిప్పి చూశాను. కదల్లేదు.

మరిది నీళ్ళ చెంబు ఎత్తి దాని మీద పొయ్యబోయాడు.

"దాన్ని తడపకు" అన్నాను.

"చివికిపోతుంది వదినా."

"చివికిపోనీ."

అతను చెంబు కింద పెట్టాడు. మిగతా తాళ్ళన్నీ నీడన బట్టల తాడు మీద ఆరేశాం. నేను లోపలికి వెళ్ళి ముగ్గురికీ అన్నం వడ్డించాను. అతను ఆ రోజు మంచం మీద కూర్చుని తిన్నాడు. ఆ ముడి మాత్రం చెప్పుల పక్కన, గూట్లో, పొడిగానే ఉంది.